చీర దానంతట అది కదలకూడదు: మంగళగిరి చీరల సైటులో సొంత స్లైడర్ కట్టిన పని

"ఏంటి బాబూ ఇది, చూస్తుండగానే చీర వెళ్ళిపోతోంది?"

మంగళగిరిలో ఒక చేనేత చీరల షాపు పెద్దాయన తన సైటును ఫోన్‌లో తెరిచి నన్ను అడిగిన మొదటి మాట ఇది. హోమ్ పేజీ పైభాగంలో ఐదు చీరల ఫోటోలు మూడేసి సెకన్లకు ఒకటి చొప్పున మారిపోతున్నాయి. ఆయన బొటనవేలితో ఒక ఫోటోను నొక్కి పట్టుకుని ఆపాలని చూశారు. వేలు తీయగానే అది మళ్ళీ జరిగిపోయింది. "గిరాకీ చీర చేతిలోకి తీసుకునేలోగా మనం మడత పెట్టేసినట్టుంది," అన్నారు.

ఎలిమెంటర్‌తో, అంటే కోడ్ రాయకుండా మౌస్‌తో పేజీలు పేర్చుకునే వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌తో, సైట్లు కట్టడం నా రోజువారీ పని. స్లైడర్‌లో ఉన్న జబ్బును అంత సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఆ తర్వాత పదకొండు రోజులు చేసిన పనంతా ఆ ఒక్క మాట పట్టుకుని చేసిందే. అలాంటి విజువల్ బిల్డర్‌తో సైటు నడుపుతూ అందులో సొంత కరౌసెల్, అంటే ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి పక్కకు జరిగే వరస, పెట్టాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. మన దగ్గర దాన్ని అందరూ స్లైడర్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

ముందు సైటు సంగతి. సైటు నడిపేది వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్, దాని మీద ఎలిమెంటర్ ప్రో, అంటే డబ్బు కట్టి తీసుకునే వెర్షన్. రెండేళ్ళ కిందట వేరెవరో కట్టి ఇచ్చారు. అరవై దాకా చీరలు, ఒక్కో చీరకు ఒక పేజీ. కార్టు, పేమెంటు లాంటివి లేవు. పేజీ చివర వాట్సాప్ బటన్ ఉంటుంది, కొనేవాళ్ళు దాన్ని నొక్కి మాట్లాడుకుంటారు. హైదరాబాదు, బెంగళూరు నుంచి ఎక్కువగా, అమెరికాలో ఉండే మనవాళ్ళ నుంచి అప్పుడప్పుడూ అడుగుతుంటారు. ఆ వాట్సాప్ చూసేది పెద్దాయన కోడలు. ఫోటోలు తీసేది, సైటులో ఎక్కించేది కూడా ఆ అమ్మాయే.

ఆమె నాకు ఫోన్‌లో మెసేజీలు చూపించింది. "కొంగు ఫోటో పెట్టండి." "అంచు దగ్గరగా చూపిస్తారా?" "జాకెట్టు ముక్క ఏ రంగండీ?" ఒకరు కాదు ఇద్దరు కాదు, దాదాపు అందరూ అవే అడుగుతున్నారు. "అన్నా, ఇవన్నీ సైటులో ఉన్నాయి కదా, మళ్ళీ ఎందుకు అడుగుతున్నారు?" అంది. నిజంగానే ఉన్నాయి. ప్రతి చీర పేజీలో ఉన్న స్లైడర్‌లో మూడో ఫోటో కొంగు, నాలుగోది అంచు, ఐదోది జాకెట్టు. కింద ఐదు చుక్కలు. ఏ చుక్క వెనక ఏముందో చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? వాళ్ళు మొదటి ఫోటో చూసి, కిందికి వెళ్ళి, వాట్సాప్ బటన్ నొక్కి, కొంగు పెట్టమని అడుగుతున్నారు.

కంప్యూటర్ తెరిచే ముందు ఒక పూట షాపులో కూర్చున్నాను. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఆ పూటే.

చీర మడత మీదుండగానే ముందు అంచు కనిపిస్తుంది. మంగళగిరి నూలు చీరకు బాడీ చాలావరకు సాదాగానే ఉంటుంది, అందమంతా అంచులో ఉంటుంది. అందుకే పెద్దాయన మడతను గిరాకీ వైపు తిప్పి, అంచు మీద వేలు నడిపిస్తారు. తర్వాత ఒక్క విసురుతో కొంగు పరుస్తారు. కొంగు మీద జరీ గీతలు వెలుగులో మెరిసేలా కొంచెం పైకెత్తుతారు. అప్పుడు బాడీని అరచేతి మీద వేసి చెయ్యి వెనక నుంచి కనిపిస్తుందా లేదా చూపిస్తారు. నేత ఎంత ఒత్తుగా ఉందో తెలిసేది అక్కడే. జాకెట్టు ముక్క చివర్లో, అదీ అడిగితేనే. ఈ వరసలో ఏదీ ఆయనంతట ఆయన తొందరపడి చెయ్యరు. గిరాకీ కళ్ళు అంచు మీద ఉన్నంతసేపూ అంచే చూపిస్తారు. వాళ్ళు "కొంగెలా ఉంటుందండీ" అన్నాకే కొంగు పరుస్తారు.

అంటే నాకు కావలసిన స్లైడర్ ఎలా ఉండాలో షాపులోనే తెలిసిపోయింది. దానంతట అది కదలకూడదు. చుక్కల బదులు పేర్లు ఉండాలి. "కొంగు" అని నొక్కితే కొంగు రావాలి. వరస షాపులో వరసే కావాలి. ఐదున్నర మీటర్ల చీరను అరచేతిలో పట్టే ఫోన్‌లో చూపించడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచలేదు.

ఎలిమెంటర్‌లో రెడీగా ఉన్న విడ్జెట్లు, అంటే పేజీలో తెచ్చి పెట్టుకునే ముక్కలు, ముందు చూశాను. ఇమేజ్ కరౌసెల్ ఉచిత వెర్షన్‌లోనే వస్తుంది, మీడియా కరౌసెల్, లూప్ కరౌసెల్ ప్రోలో వస్తాయి. మూడూ బాగానే పనిచేస్తాయి. చీర పేజీ కింద "ఇలాంటివే మరికొన్ని" అనే వరసకు లూప్ కరౌసెల్‌నే పెట్టాను, ఈ రోజుకీ అదే నడుస్తోంది. రెడీగా ఉన్న విడ్జెట్ మన పని చేస్తుంటే సొంతంగా రాయకండి. రాసిన ప్రతి లైనుకూ రేపు మనమే జవాబు చెప్పాలి. అయితే ఒక్కో స్లైడ్‌కు ఒక పేరు, ఆ పేరు నొక్కితే ఆ స్లైడ్ రావడం, ఏ స్లైడ్ ముందుంటే ఆ పేరు వెలగడం, ఈ మూడూ కలిపి నాకు వాటిలో దొరకలేదు.

మూడు కోట్ల పిక్సెళ్ళు

ఎలిమెంటర్ స్లైడర్లన్నీ లోపల స్వైపర్ అనే లైబ్రరీ (రెడీగా రాసిపెట్టిన కోడ్) మీద నడుస్తాయి. వ్లాదిమిర్ ఖర్లాంపిడి అనే డెవలపర్ రాసిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ అది. ఎలాగూ సైటులో ఉన్నదే కదా, దాన్నే వాడదామని ఒక హెచ్‌టీఎంఎల్ విడ్జెట్ పెట్టి, స్వైపర్‌కు కావలసిన మూడంతస్తుల నిర్మాణం రాసి, నాలుగు సెట్టింగులు ఇచ్చాను. ఇక్కడో చిన్న మాట. స్వైపర్ 7వ వెర్షన్‌లో, 2021లో, బయటి డబ్బాకు స్టైలు తగిలించే క్లాసు పేరు 'స్వైపర్-కంటైనర్' నుంచి ఉత్త 'స్వైపర్'గా మారింది. నెట్‌లో దొరికే పాత కోడ్ తెచ్చి అతికిస్తే స్టైలు పడదు. అది చూసుకున్నాను.

అయినా పేజీ తెరిస్తే స్లైడర్ ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ. ఎర్రర్ ఏమీ లేదు. బ్రౌజర్‌లో పేజీ లోపలి కొలతలు చూపించే ఇన్‌స్పెక్టర్ తెరిచి మొదటి స్లైడ్ మీద మౌస్ పెడితే దాని వెడల్పు 3,35,54,400 పిక్సెళ్ళని చూపించింది. మూడు కోట్ల ముప్పై ఐదు లక్షలు. ఫోటో ఆ వెడల్పులో ఎక్కడో ఉంది, నాకు కనిపిస్తున్నది దాని ఎడమ మూల మాత్రమే.

కారణం తెలిస్తే మళ్ళీ ఎప్పుడూ టెన్షన్ పడక్కర్లేదు, అందుకే కాస్త ఆగి చెప్తాను. ఎలిమెంటర్‌లో 2022 నుంచి వచ్చిన కంటైనర్లు (విడ్జెట్లను పట్టి ఉంచే డబ్బాలు) లోపలి వస్తువులను వరసగా పేర్చే ఫ్లెక్స్ పద్ధతిలో పనిచేస్తాయి. ఫ్లెక్స్‌లో లోపలున్న వస్తువుకు 'మిన్-విడ్త్' విలువ మామూలుగా 'ఆటో' ఉంటుంది. "నా లోపల ఉన్నదాని కంటే నేను చిన్నగా అవ్వను" అని దాని అర్థం. స్వైపర్ ఏం చేస్తుందంటే, తన బయటి డబ్బా వెడల్పు కొలిచి, స్లైడ్లకు అంత వెడల్పు ఇస్తుంది. స్లైడ్లన్నీ పక్కపక్కన చేరేసరికి లోపలి సరుకు పెరిగింది. సరుకు పెరిగింది కాబట్టి డబ్బా పెరిగింది. డబ్బా పెరిగిందని స్వైపర్ మళ్ళీ కొలిచి స్లైడ్లను ఇంకా పెంచింది. ఒకరినొకరు పెంచుకుంటూ పోయి బ్రౌజర్ గరిష్ఠ పరిమితి దగ్గర ఆగారు. క్రోమ్ ఒక పిక్సెల్‌ను 64 భాగాలుగా చేసి 32 బిట్ల సంఖ్యలో దాచుకుంటుంది, ఆ లెక్కన దాని పై హద్దు మూడు కోట్ల ముప్పై ఐదు లక్షల దగ్గరే వస్తుంది. ఆ అంకె మీకు ఎక్కడ కనిపించినా జబ్బు ఇదేనని అనుకోండి.

మందు ఒక్క లైను. స్లైడర్ ఉన్న విడ్జెట్‌కు, దాని పై కంటైనర్‌కు 'మిన్-విడ్త్: 0' ఇవ్వడం. ఇవ్వగానే స్లైడ్లు 360 పిక్సెళ్ళకు వచ్చి కూర్చున్నాయి. గడులుగా పేర్చే గ్రిడ్ పద్ధతిలో కూడా ఇదే జబ్బు, ఇదే మందు.

రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు హోమ్ పేజీ పనిలో దిగాను. పెద్దాయన మాట ప్రకారం పైనున్న ఆటోమేటిక్ స్లైడర్ తీసేశాను. తీసి రీఫ్రెష్ చేస్తే అదే పేజీలో కింద నేను కట్టిన సొంత స్లైడర్ కూడా ఆగిపోయింది. బ్రౌజర్ ఎర్రర్లు చూపించే కన్సోల్‌లో "స్వైపర్ ఈజ్ నాట్ డిఫైన్డ్" అని ఎర్రటి లైను. ఎలిమెంటర్ ప్రతి పేజీలోనూ స్వైపర్‌ను దించదు. తన సొంత స్లైడర్ విడ్జెట్ ఏదైనా ఆ పేజీలో ఉంటేనే తెస్తుంది. పేజీ బరువు తగ్గించడానికి చేసిన మంచి ఏర్పాటే అది. నేను మాత్రం తెలియకుండా పై విడ్జెట్ తెచ్చిన లైబ్రరీ మీద ఆధారపడి కూర్చున్నాను. చీర పేజీల్లో కింద లూప్ కరౌసెల్ ఉంది కాబట్టి అక్కడ ఈ సంగతి బయటపడలేదు.

దీనికీ దారి ఉంది. ఎలిమెంటర్ ఆ స్క్రిప్టును 'స్వైపర్' అనే పేరుతో వర్డ్‌ప్రెస్‌లో నమోదు చేసి ఉంచుతుంది. మన కోడ్‌కు అది అవసరమని చెప్తే వర్డ్‌ప్రెసే తెచ్చిపెడుతుంది. అలా చేశాను, పనిచేసింది. కానీ అప్పుడు నాకు అసలు ప్రశ్న వచ్చింది. రేపు ఎలిమెంటర్ అప్‌డేట్‌లో స్వైపర్ వెర్షన్ మారితే? ఇంతకు ముందు ఒకసారి 5 నుంచి 8కి మారింది. 8 దాకా లూప్ (చివరి స్లైడ్ తర్వాత మళ్ళీ మొదటిది రావడం) పెడితే స్లైడ్లకు నకళ్ళు తయారుచేసి అటూ ఇటూ పెట్టేది, 9 నుంచి నకళ్ళు లేకుండా ఉన్న స్లైడ్లనే జరుపుతోంది. అలాంటి మార్పు ఒకటి జరిగిన రోజు ఈ షాపులో ఎవరు చూస్తారు? దసరా గిరాకీ రోజుల్లో చీర పేజీ ఖాళీగా కనిపిస్తే ఆ అమ్మాయికి ఎంత కంగారు?

దీనికి తోడు ఎడిటర్‌లో ఇంకో చిక్కు. ఆ అమ్మాయి ఎలిమెంటర్‌లో పేజీ తెరిచి ఏదో అక్షరం మార్చగానే ఆ విడ్జెట్ మళ్ళీ గీసుకుంటుంది, కానీ నా స్క్రిప్టు మళ్ళీ నడవదు. ఫోటోలు ఒకదాని కింద ఒకటి పడిపోయి కనిపిస్తాయి. "అన్నా, నేనేదో చెడగొట్టాను," అని రాత్రి పదింటికి ఫోన్ చేసింది. ఆమె చెడగొట్టింది ఏమీ లేదు. విడ్జెట్ గీసుకున్న ప్రతిసారీ ఎలిమెంటర్ పిలిచే 'ఎలిమెంట్ రెడీ' అనే హుక్‌కు స్క్రిప్టును కట్టి ఉంటే ఎడిటర్‌లోనూ నడిచేది, అది నేను చెయ్యాల్సిన పని. కానీ ఆ ఫోన్‌తో నా నిర్ణయం గట్టిపడింది.

లైబ్రరీ లేకుండా

కాగితం తీసి రాసుకున్నాను. ఉన్నవి ఐదు ఫోటోలు. ఆటోప్లే వద్దు. లూప్ వద్దు, ఎందుకంటే చీరకు ఒక మొదలు, ఒక చివర ఉంటాయి, జాకెట్టు తర్వాత మళ్ళీ మొదటి ఫోటో వస్తే చూసేవాళ్ళు తికమక పడతారు. ఫేడ్, క్యూబ్ లాంటి హంగులు వద్దు. మరి లైబ్రరీ ఎందుకు? వేలితో పక్కకు జరిపితే జరిగి, ఫోటో దగ్గర సరిగ్గా ఆగడం ఒక్కటే కావాలి. ఆ పని బ్రౌజరే చేస్తుంది. స్క్రోల్-స్నాప్ అంటారు. క్రోమ్‌లో 2018 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో ఈ పద్ధతి 2019 నుంచి ఉంది, సఫారీలో అంతకు ముందే వచ్చింది. షాపుకు వచ్చే గిరాకీ ఫోన్లన్నిటిలో పనిచేస్తుంది.

కోడ్ మాటల్లో చెప్తాను. బయటి వరసకు 'డిస్‌ప్లే: ఫ్లెక్స్', 'ఓవర్‌ఫ్లో-ఎక్స్: ఆటో', 'స్క్రోల్-స్నాప్-టైప్: ఎక్స్ మ్యాండేటరీ'. లోపలి ఒక్కో స్లైడ్‌కు వరస వెడల్పులో 86 శాతం, 'స్క్రోల్-స్నాప్-అలైన్: సెంటర్'. నూటికి నూరు శాతం ఇవ్వకుండా 86 ఎందుకంటే, పక్క ఫోటో అంచు కొంచెం తొంగిచూస్తుంది. పక్కన ఇంకేదో ఉందని వేలికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. బాణం గుర్తుల కంటే ఇదే బాగా పనిచేసింది. ఇంకొకటి, 'స్క్రోల్-స్నాప్-స్టాప్: ఆల్వేస్'. ఇది లేకపోతే గట్టిగా విసిరినప్పుడు అంచు నుంచి నేరుగా జాకెట్టుకు వెళ్ళిపోతుంది, కొంగు తప్పిపోతుంది. ఇది పెట్టాక ఎంత గట్టిగా విసిరినా ఒక్కో ఫోటో దగ్గర ఆగుతుంది. ప్రతి స్లైడ్‌కు 'ఆస్పెక్ట్-రేషియో' 3కి 4 ఇచ్చాను. ఫోటో దిగేలోగా దాని జాగా ముందే ఖాళీగా ఉంచి పెడుతుంది, కింద ఉన్న ధర, వాట్సాప్ బటన్ ఎగిరిపడవు.

ఈ పద్ధతిలో జావాస్క్రిప్ట్ దిగకపోయినా, ఎడిటర్‌లో నడవకపోయినా, వేలితో జరిపితే ఫోటోలు జరుగుతాయి. ట్యాబ్ లోపల దాచి పెట్టినా కొలతలు తప్పవు. స్వైపర్‌ను దాచిన ట్యాబ్‌లో మొదలుపెడితే వెడల్పు సున్నా అని కొలుచుకుని చిక్కుపడుతుంది, దానికి మళ్ళీ విడిగా మందు వెయ్యాలి. పైగా పేజీని కిందికి జరుపుతూ వేలు కొంచెం పక్కకు వాలినా ఏది స్లైడర్ కదలికో ఏది పేజీ కదలికో బ్రౌజరే తేల్చుకుంటుంది, మనం లెక్కలు రాయక్కర్లేదు.

పేర్ల వరస దగ్గర అనుకున్నదానికంటే ఎక్కువ సేపు పట్టింది. మొదట "పూర్తి చీర", "అంచు", "కొంగు", "బాడీ", "జాకెట్టు ముక్క" అని రాశాను. 360 పిక్సెళ్ళ ఫోన్‌లో అవి రెండు వరసలయ్యాయి. "చీర, అంచు, కొంగు, బాడీ, జాకెట్టు" అని కుదించాను. షాపులో వాళ్ళు వాడే మాటలు అవే. మొదటి ఫోటోగా మొత్తం చీర పెట్టడం ఒక్కటే షాపు వరసలో లేనిది. ఫోన్‌లో ముందు చీర ఏ రంగో తెలియాలి కాబట్టి ఒప్పుకున్నాం.

తర్వాత ఒత్తులు తెగాయి. మిగతా సైటులాగే కనిపించాలని బటన్లకు ఎలిమెంటర్ బటన్ క్లాసే ఇచ్చాను. దానికి లైన్-హైట్ (లైనుకు ఇచ్చే ఎత్తు) 1 అని ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలకు అది సరిపోతుంది. "జాకెట్టు"లో ట కింద వచ్చే ఒత్తు, దాని కొమ్ము బటన్ కింది గీతను తాకి, ఫాంటు బట్టి సగం తెగిపోయింది. లైన్-హైట్ 1.6 చేసి, కింద రెండు పిక్సెళ్ళ జాగా ఎక్కువ ఇచ్చాక అక్షరం పూర్తిగా కనిపించింది. తెలుగులో బటన్లు, మెనూలు పెట్టే ఎవరైనా "క్ష", "ట్టు", "స్త్ర" లాంటివి రాసి ఒకసారి చూసుకోవాలి. బిల్డర్ల డీఫాల్టు కొలతలు మన అక్షరాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

పేరు నొక్కితే ఫోటో రావడానికి మొదట 'స్క్రోల్-ఇంటూ-వ్యూ' వాడాను. ఒక్క మాటతో అయిపోతుంది కదా అని. కొంగు నొక్కగానే కొంగు వచ్చింది, దాంతో పాటు పేజీ మొత్తం పైకి గెంతింది. ఆ ఆజ్ఞ స్లైడర్‌ను మాత్రమే కాదు, ఆ ఫోటో కనిపించేలా చుట్టూ ఉన్న ప్రతి డబ్బానూ జరుపుతుంది. దాన్ని తీసేసి, వరసను మాత్రమే పక్కకు జరిపే 'స్క్రోల్-టు' వాడాను. ఏ ఫోటో ముందుందో కనిపెట్టి ఆ పేరును వెలిగించడానికి 'ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్' పెట్టాను, ఒక ఫోటో 60 శాతం వరసలోకి వస్తే దాని పేరు వెలుగుతుంది. మొత్తం స్క్రిప్టు నలభై లైన్లు. ఫోన్‌లో కదలికలు తగ్గించమని సెట్టింగ్ పెట్టుకున్నవాళ్ళకు మెల్లగా జరగకుండా నేరుగా ఆ ఫోటోకు వెళ్ళేలా చేశాను. కళ్ళు తిరిగే ఇబ్బంది ఉన్నవాళ్ళకు అది చాలా అవసరం.

ఐఫోన్‌లో ఇంకో సంగతి. తెర ఎడమ అంచు నుంచి వేలు జరిపితే వెనక పేజీకి పోతుంది. స్లైడర్ తెర అంచుకు ఆనుకుని ఉంటే వెనక్కి జరపబోయి సైటులోంచే బయటికి వెళ్ళిపోతారు. మొదటి ఫోటోకు ఎడమ వైపు 20 పిక్సెళ్ళు వదిలాను. 'ఓవర్‌స్క్రోల్-బిహేవియర్' లైను కూడా పెట్టాను. అది ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద చివరి ఫోటో దాటాక వెనక పేజీకి పోకుండా ఆపుతుంది. ఐఫోన్ తెర అంచు సైగను మాత్రం అది ఆపదు, అక్కడ ఖాళీ వదలడమే దారి.

ఫోటోలు ఎక్కించే చోటు

స్లైడర్ ఎంత బాగా కట్టినా అందులో ఫోటోలు పెట్టేది ఆ అమ్మాయి. ఆమెకు తేలిక కాకపోతే ఆరు నెలల్లో అంతా కలగాపులగం అవుతుంది. ఇంతకు ముందు ఒక గ్యాలరీలో ఐదు ఫోటోలు ఎక్కించేది. వరస తప్పితే కొంగు చోట జాకెట్టు వచ్చేది. ఇప్పుడు అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్‌తో ఐదు విడి ఫీల్డులు పెట్టాను, ఒక్కోదానికి పైన పేరు తెలుగులో. కొంగు ఫోటో "కొంగు" అని రాసి ఉన్న గడిలోకే వెళ్తుంది. ఒక షార్ట్‌కోడ్, అంటే పేజీలో పెడితే ఆ చోట మన కోడ్‌ను నడిపే చిన్న గుర్తు, ఆ ఐదు గడులనూ చదివి స్లైడర్ గీస్తుంది. ఎలిమెంటర్‌లో చీర పేజీ టెంప్లేట్‌లో ఆ షార్ట్‌కోడ్ ఒక్కచోటే ఉంది, కాబట్టి అరవై పేజీలూ ఒకేసారి మారాయి. కోడ్‌ను థీమ్‌లో కాకుండా చిన్న ప్లగిన్‌గా విడిగా పెట్టాను. రేపు థీమ్ మార్చినా స్లైడర్ పోదు.

గడి ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలి? మొదట ఆ స్లైడ్‌నూ ఆ పేరునూ చూపించకుండా వదిలేశాను. కొన్ని చీరలకు జాకెట్టు ముక్క రాదు, ఆ గడి ఖాళీగానే ఉంటుంది. అప్పుడు జనం మళ్ళీ వాట్సాప్‌లో "జాకెట్టు ఉందా లేదా?" అని అడిగారు. కనిపించకపోతే లేదని ఎవరూ అనుకోరు, పెట్టడం మర్చిపోయారనుకుంటారు. దాంతో ఆ ఒక్క గడి ఖాళీగా ఉంటే పేర్ల కింద "ఈ చీరకు జాకెట్టు ముక్క రాదు" అని రాసేలా మార్చాను.

ఫోటోల బరువు కూడా చూడాలి. ఫోన్ కెమెరా నుంచి వచ్చేవి నాలుగు వేల పిక్సెళ్ళ వెడల్పు, నాలుగైదు ఎంబీలు. 360 పిక్సెళ్ళ తెరకు, ఒక్కో పిక్సెల్‌కు మూడేసి చుక్కలున్న ఫోన్‌లో కూడా, 1080 దాటి అక్కర్లేదు. 1080కి 1440 అని కొత్త కొలత ఒకటి వర్డ్‌ప్రెస్‌కు చెప్పాను. 'సైజెస్' అనే గుణంలో ఈ ఫోటో తెరలో 86 శాతమే ఉంటుందని రాశాను. అది రాయకపోతే బ్రౌజర్ అవసరం లేని పెద్ద ఫోటోను దించుకుంటుంది. మొదటి ఫోటోను ముందుగా, తొందరగా తెమ్మని చెప్పి, మిగతా నాలుగింటికి లేజీ లోడింగ్, అంటే తెర దగ్గరకు వచ్చాకే దిగడం, పెట్టాను. పేజీలో పెద్ద వస్తువు రెండున్నర సెకన్లలోపు కనిపిస్తే మంచిదని గూగుల్ చెప్పే హద్దు. ఆ పెద్ద వస్తువు ఇక్కడ మొదటి చీర ఫోటోనే, దానికి లేజీ లోడింగ్ పెడితే ఆ హద్దు మనమే దాటించినట్టు.

జరీ దగ్గర మాత్రం బరువు గురించి పట్టుబట్టలేదు. వర్డ్‌ప్రెస్ జేపెగ్ ఫోటోలను చిన్నవి చేసేటప్పుడు నూటికి 82 క్వాలిటీతో దాచుతుంది. మనిషి ముఖానికి, కొండలకు అది చాలు. నిజాం అనే రకం అంచు మీద సన్నటి జరీ పోగులు మాత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోయి పసుపు మరకలా కనిపించాయి. పెద్దాయన ఫోన్‌ను కళ్ళ దగ్గరకు తెచ్చుకుని, "ఇది జరీ కాదు బాబూ, రంగు పూసినట్టుంది," అన్నారు. 90కి పెంచి ఫోటోలన్నీ మళ్ళీ తయారుచేయించాను. ఫైళ్ళు బరువెక్కాయి. ఎక్కనీ. అంచు కనిపించకపోతే మంగళగిరి చీరను సైటులో పెట్టి ఏం లాభం? అంచు ఫోటో తీసే పద్ధతి కూడా మార్చాం. ఫ్లాష్ తీసేసి, ఉదయం పూట షాపు గుమ్మం దగ్గర పక్క వెలుగులో తీస్తోంది ఇప్పుడు.

హోమ్ పేజీ గొడవ

ఆటోమేటిక్ స్లైడర్ తీసేస్తే పెద్దాయన సంతోషించారు గానీ, ఆయన కొడుకు ఒప్పుకోలేదు. "పెద్ద షాపుల సైట్లన్నిటికీ ఉంది కదండీ," అన్నాడు. న్యాయమైన మాటే. నేను అతనికి ఒక పాత లెక్క చెప్పాను. అమెరికాలో నోటర్ డామ్ యూనివర్సిటీలో వెబ్ పని చేసిన ఎరిక్ రన్యన్ 2013లో తమ హోమ్ పేజీ స్లైడర్ లెక్కలు బయటపెట్టాడు. వచ్చినవాళ్ళలో దాన్ని నొక్కింది దాదాపు 1 శాతం. ఆ నొక్కుల్లో 84 శాతం మొదటి స్లైడ్ మీదే. అది చీరల సైటు కాదు, నిజమే, కానీ రెండో స్లైడ్ నుంచి మనం పెట్టే శ్రమ ఎక్కడికి పోతుందో ఆలోచించడానికి సరిపోతుంది. పైగా దానంతట కదిలేది ఐదు సెకన్లు దాటి నడిస్తే, దాన్ని ఆపే వీలు చూసేవాళ్ళకు ఇవ్వాలని వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలనే డబ్ల్యూ-క్యాగ్ ప్రమాణాలు చెప్తున్నాయి. పాత స్లైడర్‌లో ఆపే బటనే లేదు.

చివరికి మధ్యే మార్గం కుదిరింది. పైన ఒకే ఒక పెద్ద ఫోటో, మగ్గం మీద సగం నేసిన చీర. దాని కింద "ఈ వారం వచ్చినవి" అని వేలితో జరుపుకునే వరస, చీర పేజీలో కట్టిన స్లైడర్‌నే కొంచెం మార్చి పెట్టాను. ఆ వరసలో ఏముండాలో కొడుకే వారం వారం ఎంచుకుంటున్నాడు.

ఫలితం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కొంగు, అంచు ఫోటోలు పెట్టమనే మెసేజీలు బాగా తగ్గాయని ఆ అమ్మాయి చెప్పింది. ఆ ఘనతంతా స్లైడర్‌దని నేను అనను, ఎందుకంటే అదే సమయంలో ఫోటోలు కూడా మంచి వెలుగులో కొత్తగా తీశాం. రెండూ ఒకేసారి మార్చడం వల్ల దేని వాటా ఎంతో విడదీయలేను. మళ్ళీ చేస్తే ముందు పేర్ల వరస పెట్టి, రెండు వారాలు ఆగి, తర్వాత ఫోటోలు మారుస్తాను.

కళ్ళు కనిపించనివాళ్ళ కోసం చేసిన పని ఇంకా సగంలో ఉంది. బటన్లు నిజమైన బటన్లే, కీబోర్డుతో వెళ్ళొచ్చు, ఫోన్ చదివి వినిపించే టాక్‌బ్యాక్‌లో "కొంగు, బటన్" అని వస్తోంది. కానీ ఒక్కో ఫోటోకు ఆల్ట్ మాటలు, అంటే ఫోటోలో ఏముందో చదివి వినిపించే మాటలు, రాయాలి. "కొంగు ఫోటో" అని కాకుండా "మామిడిపండు రంగు చీర, కొంగు మీద మూడు వెడల్పాటి జరీ గీతలు" అని. అరవై చీరలకు రాయడం ఆ అమ్మాయి మొదలుపెట్టింది, ఇరవై దాకా అయ్యాయి. తను రాసినవి నేను రాయగలిగే వాటికంటే బాగున్నాయి, చీరను చేత్తో పట్టుకుని రాస్తోంది కాబట్టి.

పోయిన వారం ఆమె కొత్తగా వస్తున్న మెసేజీలు చూపించింది. ఇప్పుడు ఎక్కువమంది అడిగేది, "ఇదే అంచు వేరే రంగులో ఉందా?" అని. ఒకే అంచు, నాలుగు రంగుల బాడీ. నాలుగు చీరలకు నాలుగు పేజీలున్నాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి దారి లేదు. పేర్ల వరస పైన రంగు చుక్కల వరస ఒకటి వెయ్యాలి, చుక్క నొక్కితే రంగు మారాలి, కానీ చూస్తున్న ఫోటో మారకూడదు. కొంగు చూస్తుంటే కొంగే ఉండాలి. సోమవారం నుంచి ఆ పని మొదలుపెడుతున్నాను.